డాలస్ వెళ్ళగానే ఇల్లు కొనాలా? ఫ్రిస్కోలో పాతదా, సెలైనాలో కొత్తదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మార్చిలో ఎల్1 వీసా (కంపెనీ తన ఉద్యోగినే అమెరికా ఆఫీసుకి మార్చేది) మీద హైదరాబాద్ నుంచి డాలస్ వస్తున్నారు, ఆఫీసు ప్లేనోలో. ఇద్దరు పిల్లలు, ఏడేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు. నిజాంపేట ఫ్లాట్ అమ్మి, రాగానే ఇల్లు కొనేస్తే అద్దె దండగ తప్పుతుందని మీ ఆలోచన. ఆన్‌లైన్‌లో డాలస్ ఉత్తర శివారు ఊళ్ళలో రెండు ఇళ్ళు నచ్చాయి. ఫ్రిస్కోలోది 2003లో కట్టింది, సెలైనాలోది బిల్డర్ ఇప్పుడు కడుతున్నది. రెండూ 5.5 లక్షల డాలర్లే. ఇందులో ఏది న్యాయమైన ధర, ఏ ఊరు మేలు అని అడిగారు.

సూటిగా చెప్తాను. మొదటి ఏడాది ఏదీ కొనకండి. అద్దెకి దిగండి. ఏడాది తర్వాత కూడా ఈ రెండే మీ ముందుంటే, ఇన్‌స్పెక్షన్‌లో పెద్ద లోపం ఏదీ బయటపడకపోతే, నేనైతే ఫ్రిస్కో పాతింటి వైపే మొగ్గుతాను.

నేను 2011లో అర్వింగ్ అపార్ట్‌మెంట్లో దిగినవాణ్ణి. 2014లో మొదటి ఇల్లు కొన్నాను, 2019లో అమ్మి ఇప్పుడున్న ఇంటికి మారాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ 2017 నుంచి రియల్టర్ లైసెన్సు ఉంది, శని ఆదివారాలు మనవాళ్ళకి ఇళ్ళు చూపిస్తుంటాను. మీరు రేపే కొంటే నాలాంటివాడికే కమిషన్. అయినా వద్దంటున్నాను కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ధర సంగతి. హైదరాబాద్‌లో మనం ఎస్‌ఎఫ్‌టీ రేటు కనుక్కుని, పక్క అపార్ట్‌మెంట్లో ఎంతకి పోయిందో వాచ్‌మన్ దగ్గర ఆరా తీసి లెక్క కడతాం. ఇక్కడికొచ్చాక ఆ పని జిల్లో యాప్ చేసి పెడుతుందనుకుంటాం. టెక్సస్‌లో అది కుదరదు. ఇల్లు ఎంతకి అమ్ముడుపోయిందో ప్రభుత్వానికి చెప్పాలన్న చట్టం ఈ రాష్ట్రంలో లేదు. అందుకే యాప్‌లో కనిపించే పాత ధర చాలాసార్లు అమ్మకానికి పెట్టినప్పుడు అడిగిన ధరే, నిజంగా చేతులు మారిన ధర కాదు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో కనిపించే విలువ పన్ను కోసం లెక్క కట్టినది. దాన్ని చూసి "గవర్నమెంట్ వాల్యూ కంటే తక్కువకే వస్తోంది" అని సంబరపడ్డవాళ్ళని చాలామందిని చూశాను.

అసలు అమ్మిన ధరలు ఎంఎల్‌ఎస్ అనే ఏజెంట్ల డేటాబేస్‌లో ఉంటాయి. మీ ఏజెంట్‌ని "కంప్స్ తీసివ్వండి" అని అడగండి. అంటే అదే కాలనీలో గత ఆరు నెలల్లో అమ్ముడైనవి, విస్తీర్ణంలో పది పదిహేను శాతం లోపు తేడా ఉన్నవి, కనీసం నాలుగైదు చాలు. అవి చేతికొచ్చాక చదరపు అడుగు రేటు ఒక్కటే చూసి తేల్చేయకండి. చిన్న ఇంటికి ఆ రేటు మామూలుగా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే స్థలం, వంటగది ఖర్చు ఇల్లు పెరిగినంతగా పెరగదు. అడిగిన ధర ఎంత, అమ్మింది ఎంతకి, మార్కెట్లో ఎన్ని రోజులుంది, అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళకి వెనక్కి ఎంతిచ్చారు అన్నవి వరసగా చూడండి.

చివరిదాన్ని చాలామంది ఏజెంట్లే పట్టించుకోరు. కొత్త కాలనీల్లో బిల్డర్లు వీలైనంతవరకు ధర తగ్గించరు, తగ్గిస్తే నిన్న కొన్నవాళ్ళు గొడవకొస్తారు, రేపు కొనేవాళ్ళు ఇంకా తగ్గించమంటారు. దాని బదులు "మా లోన్ కంపెనీ దగ్గరే తీసుకోండి, వడ్డీ తగ్గిస్తాం, క్లోజింగ్ (కొనుగోలు పూర్తిచేసే రోజు) ఖర్చులు మేమే పెట్టుకుంటాం" అంటారు. ముప్ఫై వేల డాలర్లు అలా ఇచ్చినా కాయితం మీద ధర 5.5 లక్షలే ఉంటుంది. మూడేళ్ళ తర్వాత మీరు అమ్మేటప్పుడు అలాంటి ఆఫర్ మీరివ్వలేరు, కాబట్టి మీ ఇంటి అసలు ధర మొదటిరోజే 5.2. సెలైనా ఇంటిని అలా చూడండి.

ఇప్పుడు నెల లెక్క. రెండూ 5.5 లక్షలే అన్నారు కదా, ఇరవై శాతం అంటే 1.1 లక్ష మీరు కట్టారనుకుందాం. 4.4 లక్షల లోన్, 30 ఏళ్ళు, వడ్డీ 6.5 శాతం అనుకుంటే వాయిదా 2,781 డాలర్లు. రెండిళ్ళకీ ఇంతవరకు ఒకటే. తేడా ప్రాపర్టీ ట్యాక్స్ దగ్గర మొదలవుతుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదని ఆఫీసులో అందరూ చెప్తారు, అది ఎక్కడ వసూలవుతుందో ఇల్లు కొన్నాకే తెలుస్తుంది. ఫ్రిస్కోలో ఊరు, స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, కాలేజీ అన్నీ కలిపి దాదాపు 1.7 శాతం. సెలైనాలో 2 దాటుతుంది, పైగా కొత్త కాలనీ అయితే పిడ్ అనో మడ్ అనో ఇంకో వడ్డింపు తరచూ ఉంటుంది. రోడ్లు, నీళ్ళ పైపులు, డ్రైనేజీ వేయడానికి తెచ్చిన అప్పుని ఆ కాలనీవాళ్ళే ఏళ్ళ తరబడి తీర్చడం అన్నమాట. అన్నీ కలిపి 2.5 శాతం దాకా పోయిన ఇళ్ళు నేను చూపించినవాటిలోనే ఉన్నాయి.

1.7 శాతం చొప్పున ఏడాదికి 9,350, 2.5 చొప్పున 13,750. తేడా 4,400, నెలకి 367 డాలర్లు. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ అదే 367 డాలర్ల వాయిదాకి 6.5 శాతం వడ్డీ మీద మీకు 58 వేల డాలర్ల లోన్ వస్తుంది. అంటే సెలైనాలో 5.5 లక్షల ఇల్లు, నెల జేబు ఖర్చులో ఫ్రిస్కోలో దాదాపు 6 లక్షల ఇంటితో సమానం. ఇంట్లో కాపురముంటే వచ్చే హోమ్‌స్టెడ్ తగ్గింపుని ఇందులో కలపలేదు. స్కూల్ పన్ను లెక్కలో 1.4 లక్షల డాలర్ల విలువ తీసేస్తారు కాబట్టి రెండు చోట్లా బిల్లు కొంత తగ్గుతుంది. వీసా మీద ఉన్నా అది వస్తుంది, ఆ అడ్రసుతో టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సో స్టేట్ ఐడీనో ఉండాలి, అప్లికేషన్ మనమే పెట్టుకోవాలి. దానికి డబ్బులడుగుతూ ఉత్తరాలొస్తాయి, అవి చెత్తబుట్టలో వేయండి. అప్లికేషన్ ఉచితం.

ఇన్సూరెన్సు నెలకి 350, హెచ్‌ఓఏ (కాలనీ సంఘానికి కట్టేది) 80 వేసుకున్నా ఫ్రిస్కో ఇంటికి నెలకి నాలుగు వేల డాలర్ల దగ్గర తేలుతుంది. అలాంటి ఇల్లే నాకు తెలిసిన కాలనీల్లో 3,000 నుంచి 3,200 అద్దెకి దొరుకుతోంది. మొదటి నెల వాయిదా 2,781లో అసలు కింద జమయ్యేది 400 కూడా ఉండదు, మిగతా అంతా వడ్డీ. కాబట్టి "అద్దె దండగ" అన్న మాట హైదరాబాద్‌లో ఎలా ఉన్నా ఇక్కడ మొదటి ఏళ్ళలో అంత నిజం కాదు.

కొత్త ఇంటికి ఇంకో మెలిక ఉంది. పన్ను జనవరి 1న స్థలం మీద ఏముందో చూసి వేస్తారు. ఆ రోజుకి ఖాళీ జాగా అయితే ఆ ఏడాది బిల్లు జాగాకే. నా దగ్గర కొన్న ఒక జంట ఆరు లక్షల ఇల్లు జూలైలో క్లోజ్ చేశారు. లోన్ కంపెనీ జాగా విలువ 1.2 లక్షల మీద 2.2 శాతం లెక్కన నెలకి 220 డాలర్లు వాయిదాతో కలిపి పన్ను కింద పట్టుకుంటూ వచ్చింది. నేను క్లోజింగ్ రోజే చెప్పాను, మిగతాది పక్కన పెట్టుకోండని. కొత్త సోఫాల హడావిడిలో ఎవరు వింటారు? మరుసటి ఏడాది పూర్తి బిల్లు 13,200 వచ్చింది. నెలకి 220 కాస్తా 1,100 అయింది, దానికి తోడు అప్పటిదాకా తగ్గిన పదివేల చిల్లర కూడా పన్నెండు నెలల్లో కట్టమన్నారు. వాయిదా ఒక్కసారిగా 1,760 డాలర్లు పెరిగింది. ఆవిడ ఉత్తరం ఫోటో తీసి నాకు పంపి, "అన్నయ్యా, ఇది పొరపాటున వచ్చిందేమో కదా" అని అడిగింది. పొరపాటు కాదమ్మా అని చెప్పడానికి నాకే నోరు రాలేదు.

ఇక ఊరి సంగతి. ఊరు పేరు చూసి కాదు, ఇంటి అడ్రసు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పడుతుందో చూసి కొంటారిక్కడ. ఈ రెండు గీతలూ ఒకటి కావు. నేనుండేది పోస్టల్ అడ్రసులో మెకిన్నీ, స్కూళ్ళు ఫ్రిస్కో ఐఎస్‌డీవి (ఐఎస్‌డీ అంటే స్కూల్ డిస్ట్రిక్టే). అర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ చాలా భాగం కొప్పెల్ ఐఎస్‌డీ. యాప్‌లో రాసిన స్కూలు పేరు నమ్మకుండా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో డోర్ నంబరుతో సహా వెతకండి. ఈ గీతలు జరుగుతుంటాయి కూడా. కొత్త ఊళ్ళలో పిల్లలు ఎక్కువై కొత్త బడి తెరిచి సగం కాలనీని అటు తోస్తారు, పాత ఊళ్ళలో పిల్లలు తగ్గి బళ్ళే మూసేస్తారు. ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు స్కూళ్ళు మూసేయాలని తీర్మానించింది. బాబుకి పదకొండేళ్ళు కాబట్టి ఎలిమెంటరీ రేటింగులు చూసి మురిసిపోవడం కంటే మిడిల్, హైస్కూల్ ఏవో చూడడం మీకు ముఖ్యం.

సెలైనా గురించి నాకేం కోపం లేదు. (ఆ పేరుని ఇక్కడివాళ్ళు సెలైనా అనే అంటారు, సెలీనా అంటే కొత్తగా వచ్చారని వెంటనే పట్టేస్తారు.) 2022 జూలై నుంచి 2023 జూలై మధ్య దేశంలోకెల్లా వేగంగా పెరిగిన ఊరని సెన్సస్ బ్యూరో చెప్పింది, 26 శాతం పైన. దాన్ని బిల్డర్ సేల్స్ ఆఫీసులో గోడకి అంటించి మరీ చూపిస్తారు. కొనేవాడిగా అదే మీరు భయపడాల్సిన విషయం. చుట్టూ ఖాళీ పొలాలున్నంత కాలం మీ ఐదేళ్ళ ఇంటికి పోటీ, వీధి చివర కడుతున్న కొత్త ఇల్లు. ఆ బిల్డర్ వడ్డీ తగ్గించి ఇస్తాడు, రంగులు ఎంచుకోమంటాడు. ఫ్రిస్కో, ప్లేనో పాత కాలనీల్లో ఆ బాధ తక్కువ, కట్టడానికి జాగా లేదు.

దూరం సంగతి ఒక్క ముక్కలో: ఆఫీసు రోజుల్లో ఉదయం ఏడూ ముప్పావుకి గూగుల్ మ్యాప్స్‌లో సెలైనా నుంచి మీ ఆఫీసుకి ఎంతసేపో వారం రోజులు చూసి రాసుకోండి. ఆదివారం మధ్యాహ్నం చూస్తే అరగంటే చూపిస్తుంది. టోల్ రోడ్ ఎక్కితే నెల చివర్లో ఆ బిల్లూ ఉంటుంది.

"మన తెలుగువాళ్ళు ఎక్కువున్న కాలనీ చూపించండి" అని నన్ను అడగని కుటుంబం లేదు. లైసెన్సు ఉన్న ఏ ఏజెంటూ దానికి జవాబు చెప్పకూడదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్ళని ఒక వీధివైపు మళ్ళించడం చట్టవిరుద్ధం. నేను మౌనంగా ఉంటే గర్వమనుకుంటారు. మీరే సాయంత్రం నాలుగింటికి వెళ్ళి స్కూల్ బస్సు ఆగే చోట పది నిమిషాలు నిలబడండి, అమ్మమ్మలు చెప్పేస్తారు అన్నీ. తూర్పు వాకిలి అడుగుతారని కూడా తెలుసు. మనవాళ్ళు ఎక్కువగా కొనే చోట బిల్డర్లకీ తెలుసు, తూర్పు ముఖం ఉన్న జాగాకి ప్రీమియం వేస్తారు. అమ్మేటప్పుడు కొంత తిరిగొస్తుంది కాబట్టి నేను వద్దనను, కానీ పక్కింటి ఉత్తరం వాకిలికీ దీనికీ తేడా ఎంతో అడిగి కాయితం మీద పెట్టించుకోండి.

పాతిల్లు అంటే నేను ఊరికే మొగ్గు చూపడం లేదు, దాంట్లో దెబ్బ తిన్నవాణ్ణే. డాలస్ ఉత్తరాన నేలంతా నల్లరేగడి లాంటి బంకమట్టి. వాన పడితే ఉబ్బుతుంది, ఆగస్టు ఎండకి బీటలు వారి కుంచించుకుంటుంది. దానిమీద కాంక్రీట్ పలక, పలక మీద ఇల్లు. 2014లో నేను కొన్న ఇంట్లో మాస్టర్ బెడ్‌రూమ్ తలుపు గడియ పడేది కాదు. తలుపుని కాస్త ఎత్తి పట్టుకుని నెడితే పడేది. అమ్మినాయన "పాత తలుపులు కదా" అన్నాడు, నేనూ అవునన్నాను. పెరట్లో ఇటుక గోడకి ఆనించి గుబురుగా పొదలు పెంచాడు. రెండేళ్ళకి వాటిని కత్తిరిస్తే వెనక ఇటుకల సందుల్లో మెట్లు మెట్లుగా పగులు, నా చిటికెన వేలు గోరు దూరేంత. కింద పియర్లు (ఆనుకోవడానికి స్తంభాలు) దింపించి పలక ఎత్తించడానికి 11,500 డాలర్లు అయింది. మామూలు ఇన్‌స్పెక్టర్‌కి తోడు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి ఉంటే ఆ రోజుల్లో ఐదారు వందలు.

కాబట్టి ఫ్రిస్కో ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి తలుపూ వేసి తీయండి. కిటికీల మూలల్లో కొత్తగా పూసిన సున్నం కనిపిస్తే అడగండి. వేసవిలో పునాది చుట్టూ నీళ్ళ గొట్టం పరిచి ఉంటే అది మంచి ఓనర్ గుర్తు, ఇక్కడ మొక్కలకే కాదు ఇంటికీ నీళ్ళు పోయాలి. పైకప్పు ఎప్పుడు మార్చారో కనుక్కోండి, వడగళ్ళ ఊరిది. ఇన్సూరెన్స్ కాయితంలో గాలి, వడగళ్ళ డిడక్టబుల్ 2 శాతం అని ఉంటే, ఇంటిని 5.5 లక్షలకి ఇన్సూర్ చేస్తే నష్టంలో మొదటి 11 వేలు మీవే. టెక్సస్‌లో ఆప్షన్ పీరియడ్ అని కొన్ని రోజులుంటాయి, కొద్ది ఫీజు కట్టి ఆ లోపు ఏ కారణం చెప్పకుండా ఒప్పందంలోంచి బయటికి రావచ్చు. ఈ పరీక్షలన్నీ ఆ రోజుల్లోనే. కొత్త ఇంటికైనా ఇన్‌స్పెక్షన్ మానకండి.

ఇంతకీ మొదటి ఏడాది ఎందుకు వద్దంటున్నానంటే, మీది ఎల్1. హెచ్1 వాళ్ళలా ఇంకో కంపెనీకి వీసా బదిలీ చేసుకునే వీలు దాంట్లో లేదు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండడానికి గ్రేస్ 60 రోజులే. అమ్మాలంటే కమిషన్లు, మిగతా ఖర్చులు కలిపి ఆరేడు శాతం సులువుగా పోతుంది. 5.5 లక్షల మీద అది ముప్ఫై ఐదు వేల డాలర్ల పైమాట, అదీ ధర పడకపోతే. 2022 వసంతంలో అడిగినదానికంటే యాభై వేలు ఎక్కువ పెట్టి పోటీ పడి కొన్నవాళ్ళలో కొందరు ఇంకా ఆ ధర కోసం చూస్తున్నారు. కంపెనీ మీ గ్రీన్‌కార్డ్ ఎప్పుడు మొదలెడుతుందో చేరిన ఏడాదిలో తెలిసిపోతుంది, అది తెలిశాక ఐదేళ్ళ లెక్క వేసుకోవచ్చు. లోన్ కూడా అప్పటికి సులువు. రాగానే మీకు క్రెడిట్ స్కోరే ఉండదు. గ్రీన్‌కార్డ్ లేనివాళ్ళకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు (ప్రభుత్వ హామీ ఉన్నవి) 2025 మే నుంచి ఆపేశారు, ఆ హామీ లేని కన్వెన్షనల్ లోనే దారి, దానికి స్కోరు బాగుంటేనే మంచి వడ్డీ.

నిజాంపేట ఫ్లాట్ విషయంలో మాత్రం తొందరపడండి, అమ్మాలనే ఉంటే. మార్చి 31కి ముందు రిజిస్ట్రేషన్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానికి మీరు రెసిడెంటే. ఫ్లాట్ ధర 50 లక్షలు గానీ ఆపైన గానీ అయితే కొన్నాయన పట్టుకునే టీడీఎస్ ఒక్క శాతం. ఏప్రిల్‌కి జారిందంటే ఎన్నారై అమ్మకమవుతుంది, ముందుగా ఇన్‌కంట్యాక్స్ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, ఫ్లాట్ కొని రెండేళ్ళు దాటి ఉంటే మొత్తం ధర మీద 12.5 శాతం, పైన సర్‌చార్జీ, సెస్సు పట్టుకుంటారు, తర్వాత రిటర్న్ వేసి రాబట్టుకోవాలి. అమెరికా వచ్చాక అమ్మితే లాభం ఇక్కడి రిటర్న్‌లో కూడా చూపించాలి. డబ్బు ఉన్నపళంగా పంపకండి. రెసిడెంట్‌గా పంపితే ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్ల పరిమితి, పది లక్షల రూపాయలు దాటినదానికి 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను). ఇక్కడికొచ్చి ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (ఎన్నారైల రూపాయి ఖాతాగా) మార్చుకుంటే సీఏ సర్టిఫికెట్‌తో ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, ఆ టీసీఎస్ ఉండదు. మీ సీఏతో కూర్చుని తేదీలు ఖాయం చేసుకోండి. సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ దాచండి, లోన్ ఇచ్చేవాళ్ళు చివరి రెండు నెలల్లో ఖాతాలో పడ్డ ప్రతి పెద్ద మొత్తానికీ సంజాయిషీ అడుగుతారు.

ఇక అద్దె ఇల్లు. ఫ్రిస్కో ఐఎస్‌డీలో గానీ ప్లేనో ఐఎస్‌డీలో గానీ, ఆఫీసుకి ఇరవై నిమిషాల్లో ఉన్నది తీసుకోండి. లీజు పన్నెండు నెలలకి రాయించుకోకండి. మార్చిలో దిగితే అది మళ్ళీ మార్చిలో ముగుస్తుంది, పిల్లల చదువు మధ్యలో సామాను సర్దుకోవాల్సొస్తుంది. పదిహేను నెలలు అడగండి, మామూలుగా ఒప్పుకుంటారు. అప్పుడు జూన్‌లో, సెలవులిచ్చాక ఖాళీ చేయొచ్చు.